తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?
క్వాంటం కంప్యూటర్ చేయగలిగినవి, చేయలేనివి

పోయిన సంవత్సరం తొమ్మిదో తరగతిలో పీరియడ్ అయిపోయే ముందు ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, క్వాంటం కంప్యూటర్ వస్తే ప్రపంచంలో ఉన్న పాస్‌వర్డులన్నీ క్షణంలో తెరుచుకుంటాయట. నిజమేనా? మా నాన్నగారు బోర్డర్‌లో ఉన్నారు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. అది కూడా ఎవరైనా వింటారా?"

"కొంత నిజం, కొంత కాదు" అన్నాను. అంతలో బెల్లు కొట్టారు. మిగతాది తర్వాత చెబుదామనుకున్నాను. వాళ్ల నాన్నగారికి పోస్టింగ్ మారింది, ఆ అమ్మాయి టీసీ తీసుకుని వెళ్లిపోయింది. మన బడుల్లో ఇది మామూలే. కానీ జవాబు సగంలోనే ఆగిపోయింది. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామందికి ఇదే సందేహం ఉండి ఉంటుంది.

1. ట్రంకుపెట్టెకు తాళం

బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్లలో జరిగేది మీకు తెలుసు. సామాను ట్రంకుపెట్టెల్లో సర్ది, తాళాలు వేసి, లారీకి ఎక్కిస్తారు. తాళంచెవుల గుత్తి మాత్రం లారీలో వెళ్లదు. అమ్మ హ్యాండ్‌బ్యాగులో మనతోపాటు రైల్లో వస్తుంది. తాళంచెవి కూడా లారీవాడి చేతికిస్తే తాళం వేసి లాభం ఏముంది?

రహస్య సందేశాల కథ కూడా ఇంతే. సందేశాన్ని అర్థం కాని అక్షరాలుగా మార్చడం తాళం వేయడం లాంటిది. దాన్ని మళ్లీ మామూలు మాటలుగా మార్చే రహస్య సంఖ్య తాళంచెవి. అయితే విశాఖలో ఉన్న అన్న, జోర్హాట్‌లో ఉన్న చెల్లెలు ఎప్పుడూ కలుసుకోకుండానే ఒకే తాళంచెవిని ఎలా పంచుకోవాలి? ఫోనులో చెబితే మధ్యలో ఉన్నవాడు వింటాడు. శతాబ్దాల తరబడి గూఢచారులకు, సైన్యాలకు ఇదే పెద్ద తలనొప్పి.

1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దీనికి ఒక ఉపాయం చెప్పారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్‌ఎస్‌ఏ అంటారు. నొక్కితే పడిపోయే తాళంకప్పను ఊహించుకోండి. చెల్లెలు తెరిచి ఉన్న తాళంకప్పను అన్నకు పంపుతుంది, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటుంది. అన్న పెట్టెకు ఆ కప్ప నొక్కి పంపిస్తాడు. దారిలో కప్పను ఎవరు చూసినా ఫరవాలేదు. తెరవగలిగేది చెల్లెలు ఒక్కతే.

ఈ తాళంకప్పను ఇనుముతో కాదు, గణితంతో చేశారు. 89ని 97తో గుణించండి. కాగితం మీద నిమిషంలో 8633 వస్తుంది. ఇప్పుడు తిరగేసి అడుగుతాను: 8633 ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం? 2, 3, 5, 7 అంటూ ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోతే ఇరవై నాలుగో ప్రయత్నానికి గానీ 89 తగలదు. గుణించడం తేలిక, విడదీయడం కష్టం. ఆర్‌ఎస్‌ఏ బలమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు విరివిగా వాడే ఆర్‌ఎస్‌ఏ సంఖ్యకు 617 అంకెలుంటాయి. మామూలు కంప్యూటర్లను పెద్ద సంఖ్యలో కలిపి పనిచేయించి 2020లో ఇలాంటి 250 అంకెల సంఖ్యను విడదీశారు. 617 అంకెల సంఖ్య వాటికి ఇప్పటికీ అందని పండే.

2. క్యూబిట్ అంటే ఏమిటి?

మామూలు కంప్యూటర్‌లో బిట్ అనేది 0 గానీ 1 గానీ అయి ఉంటుంది. క్వాంటం కంప్యూటర్‌లో దాని స్థానంలో క్యూబిట్ ఉంటుంది. అది 0, 1 స్థితుల మిశ్రమంగా ఉండగలదు. దీన్ని సూపర్‌పొజిషన్ అంటారు. 10 క్యూబిట్ల స్థితిని రాయాలంటే 1024 సంఖ్యలు కావాలి. 50 క్యూబిట్లకైతే లక్ష కోట్లకు వెయ్యి రెట్లు పైన కావాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. "అయితే క్వాంటం కంప్యూటర్ అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి సరైనదాన్ని చెప్పేస్తుందన్నమాట" అనుకుంటారు. అలా జరగదు. చివరకు మనం కొలిచి చూసినప్పుడు 50 క్యూబిట్ల నుంచి వచ్చేవి 50 బిట్లే. ఆ లక్షల కోట్ల అవకాశాల్లో ఏదో ఒకటి చేతికి వస్తుంది. ఏది వస్తుందో ముందుగా చెప్పలేం. జవాబు గుడ్డిగా తీసుకుంటే లాటరీ టికెట్ కొన్నట్టే.

మరి ఉపయోగం ఎక్కడుంది? చెరువులో రెండు రాళ్లు వేసి చూడండి. రెండు అలలు కలిసిన కొన్నిచోట్ల నీరు ఎత్తుగా లేస్తుంది. మరికొన్నిచోట్ల ఒక అల మిట్ట, మరో అల పల్లం కలిసి నీరు కదలకుండా ఉంటుంది. క్వాంటం స్థితులు కూడా అలల్లాగే కలుస్తాయి. తప్పు జవాబుల అలలు ఒకదాన్నొకటి చెరుపుకునేలా, సరైన జవాబు అల ఎత్తుగా లేచేలా లెక్కను అమర్చగలిగితేనే క్వాంటం కంప్యూటర్ గెలుస్తుంది. ఏ లెక్కకు పడితే ఆ లెక్కకు అలాంటి అమరిక దొరకదు. ఇప్పటికి దొరికినవి కొన్నే.

3. షోర్ ఉపాయం: 15తో చేసి చూద్దాం

1994లో పీటర్ షోర్ అనే గణిత శాస్త్రవేత్త సంఖ్యలను విడదీసే పనికి అలాంటి అమరిక కనిపెట్టాడు. దాని గుండెకాయ లాంటి గణితం మీరు పెన్సిలుతో చేయగలరు.

మనం విడదీయాల్సిన సంఖ్య 15 అనుకుందాం. 7ను తీసుకుని, దాని ఘాతాలను 15తో భాగించి శేషాలు రాయండి.

7ను భాగిస్తే శేషం 7.
7 × 7 = 49. శేషం 4.
4 × 7 = 28. శేషం 13.
13 × 7 = 91. శేషం 1.
1 × 7 = 7. శేషం మళ్లీ 7.

7, 4, 13, 1, మళ్లీ 7, 4, 13, 1. నాలుగు అడుగులకు ఒకసారి ఇదే వరుస తిరిగి వస్తోంది. ఈ 4ను ఆవర్తనం అంటారు. దానిలో సగం 2. 7కు రెండో ఘాతం 49. దానికి ఒకటి తగ్గిస్తే 48, ఒకటి కలిపితే 50. ఇప్పుడు 48, 15ల గ.సా.భా. కనుక్కోండి: 3. 50, 15ల గ.సా.భా.: 5. చూశారా, 15 = 3 × 5 అని తేలిపోయింది! పదో తరగతిలో హెచ్‌సీఎఫ్ లెక్కలు ఎందుకు సార్ అని అడిగేవాళ్లకు ఇదీ నా జవాబు.

617 అంకెల సంఖ్యకైతే ఆ వరుస ఊహకందనంత పొడవు ఉంటుంది. మళ్లీ మొదటికి వచ్చేదాకా మామూలు కంప్యూటర్ నడవలేదు. క్వాంటం కంప్యూటర్ ఆ వరుసను మొత్తం చదవదు. అలలను కలిపి, వరుస ఎన్ని అడుగులకు తిరిగి వస్తుందో ఆ ఒక్క విషయాన్నే పైకి తేలుస్తుంది. అడిగింది వరుసలోని సంఖ్యలను కాదు, దాని లయను. అందుకే పని జరుగుతుంది. ఫోన్లలో, బ్యాంకు యాప్‌లలో వాడే ఎలిప్టిక్ కర్వ్ తాళాలు కూడా ఇదే ఉపాయానికి లొంగిపోతాయి.

1996లో మరో ఉపాయం వచ్చింది. దాన్ని కనిపెట్టిన లవ్ గ్రోవర్ మీరట్‌లో పుట్టి, ఢిల్లీ ఐఐటీలో చదివినవాడు. క్రమం లేకుండా పడి ఉన్న పది లక్షల చీటీల్లో ఒక చీటీని వెతకాలంటే మామూలుగా సగటున ఐదు లక్షలు తిరగేయాలి. గ్రోవర్ పద్ధతిలో వెయ్యికి లోపు అడుగులు చాలు. లాభమే, కానీ షోర్‌దంత పెద్ద లాభం కాదు. రెండు పక్షాలూ ఒకే తాళంచెవి వాడే ఏఈఎస్ లాంటి తాళాలకు గ్రోవర్ వల్ల ప్రమాదం తక్కువ. తాళంచెవి పొడవు రెట్టింపు చేస్తే సరిపోతుంది. అంటే "పాస్‌వర్డులన్నీ తెరుచుకుంటాయి" అనే మాట తప్పు. ఏ తాళం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక క్వాంటం కంప్యూటర్‌కు సహజంగా సరిపోయే పని ఒకటుంది. అణువులు, ఎలక్ట్రాన్లు క్వాంటం నియమాల ప్రకారమే నడుస్తాయి. వాటిని అనుకరించాలంటే యంత్రం కూడా అదే నియమాలతో నడవాలని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లోనే అన్నాడు. కొత్త మందులు, ఎరువులు, బ్యాటరీల పరిశోధనకు ఇందువల్ల మేలు జరుగుతుందని శాస్త్రవేత్తల ఆశ. మీ వీడియో గేమ్ వేగంగా నడవడానికి, వ్యాసం టైపు చేయడానికి మాత్రం ఇది పనికిరాదు.

4. ఇంకా ఎంత దూరం?

2001లో ఐబీఎం, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 7 క్యూబిట్లతో షోర్ ఉపాయాన్ని నడిపి చూపించారు. వాళ్లు విడదీసిన సంఖ్య ఏదో తెలుసా? మనం ఇప్పుడే విడదీసిన 15. అక్కడి నుంచి 617 అంకెల దాకా వెళ్లడం అంత తేలిక కాదు.

కారణం క్యూబిట్ల సున్నితత్వం. కొంచెం వేడి, కొంచెం కదలిక, ఎక్కడిదో ఒక చిన్న విద్యుత్ తరంగం తగిలినా లెక్క చెదిరిపోతుంది. అందుకే కొన్ని రకాల యంత్రాలను అంతరిక్షం కంటే చల్లగా, పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దూరంలో ఉంచుతారు. అయినా తప్పులు వస్తూనే ఉంటాయి. ఆ తప్పులను సరిదిద్దడానికి చాలా క్యూబిట్లను కలిపి ఒక నమ్మకమైన క్యూబిట్‌గా వాడాలి. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద, క్యూబిట్ల గుంపు పెద్దదయ్యేకొద్దీ తప్పులు తగ్గుతాయని చూపించింది. ఇది మంచి ముందడుగు.

617 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను విడదీయడానికి రెండు కోట్ల క్యూబిట్లు, ఎనిమిది గంటలు కావాలని 2019లో ఒక అంచనా వేశారు. 2025లో అదే లెక్కను మెరుగుపరిచి, పది లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు చేయవచ్చన్నారు. ఇప్పటి యంత్రాల్లో ఉన్నవి వందలు, మహా అయితే వేలు. కనుక తాళం ఈ రోజు విరగదు. కానీ ఆ రెండు అంచనాలను పక్కపక్కన పెట్టి చూడండి. యంత్రం పెరుగుతోంది, అవసరం తగ్గుతోంది. రెండూ ఎప్పుడో ఒకచోట కలుసుకోవచ్చు.

5. బెంగళూరులో చదివిన పరిశోధన పత్రం

క్వాంటం నియమాలు తాళం విరగ్గొట్టడానికే కాదు, తాళంచెవిని భద్రంగా చేరవేయడానికి కూడా పనికొస్తాయి. ఈ పద్ధతిని చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రాసార్ 1984 డిసెంబరులో ఒక అంతర్జాతీయ సదస్సులో ప్రకటించారు. ఆ సదస్సు జరిగింది మన బెంగళూరులో! వాళ్ల పేర్లు, ఆ సంవత్సరం కలిపి దాన్ని బీబీ84 అంటారు.

కాంతిలోని ఒక్కొక్క రేణువును ఫోటాన్ అంటారు. దాని కంపనానికి ఒక దిశ ఉంటుంది. అన్న దగ్గర రెండు చట్రాలున్నాయి. కూడిక గుర్తు (+) చట్రంలో నిలువు ఫోటాన్ అంటే 1, అడ్డం ఫోటాన్ అంటే 0. గుణకారం గుర్తు (×) చట్రంలో కుడివైపు వాలింది 1, ఎడమవైపు వాలింది 0. ప్రతి ఫోటాన్‌కూ అన్న ఏదో ఒక చట్రం ఎంచుకుని పంపుతాడు. చెల్లెలు కూడా తనకు తోచిన చట్రంతో కొలుస్తుంది. చట్రాలు ఒకటే అయితే సరైన బిట్ వస్తుంది. వేరైతే బొమ్మాబొరుసులా ఏదో ఒకటి వస్తుంది.

ఎనిమిది ఫోటాన్లతో చూడండి.

1వది: అన్న బిట్ 1, చట్రం +. చెల్లెలి చట్రం +. ఉంచాలి.
2వది: అన్న బిట్ 0, చట్రం ×. చెల్లెలి చట్రం +. వదిలేయాలి.
3వది: అన్న బిట్ 0, చట్రం ×. చెల్లెలి చట్రం ×. ఉంచాలి.
4వది: అన్న బిట్ 1, చట్రం +. చెల్లెలి చట్రం ×. వదిలేయాలి.
5వది: అన్న బిట్ 1, చట్రం ×. చెల్లెలి చట్రం ×. ఉంచాలి.
6వది: అన్న బిట్ 1, చట్రం +. చెల్లెలి చట్రం +. ఉంచాలి.
7వది: అన్న బిట్ 1, చట్రం ×. చెల్లెలి చట్రం +. వదిలేయాలి.
8వది: అన్న బిట్ 0, చట్రం +. చెల్లెలి చట్రం ×. వదిలేయాలి.

తర్వాత ఇద్దరూ మామూలు ఫోనులో ఏయే చట్రాలు వాడారో మాత్రమే చెప్పుకుంటారు, బిట్లు చెప్పుకోరు. చట్రాలు కలిసినవి మిగుల్చుకుంటే 1, 0, 1, 1 వస్తుంది. అదే తాళంచెవి.

మధ్యలో దొంగ ఉంటే? ఫోటాన్‌ను నకలు తీసుకుని అసలును పంపేయడం కుదరదు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయలేమని 1982లో రుజువైంది. కనుక దొంగ కూడా ఏదో ఒక చట్రంతో కొలిచి, మళ్లీ ఒక ఫోటాన్ పంపాలి. సగం సార్లు అతని చట్రం తప్పుతుంది. తప్పినవాటిలో సగం చెల్లెలికి తప్పు బిట్‌గా చేరతాయి. అంటే ఉంచుకున్న బిట్లలో నాలుగింట ఒకటి చెడిపోతుంది. అన్నాచెల్లెళ్లు 20 బిట్లు బయటపెట్టి సరిచూసుకుంటే దొంగ దొరకకుండా తప్పించుకునే అవకాశం వెయ్యిలో మూడు. 72 బిట్లు సరిచూస్తే వంద కోట్లలో ఒకటి. సరిచూసిన బిట్లను పారేసి, మిగిలినవాటితో తాళంచెవి చేసుకుంటారు. దొంగ ఉన్నాడని తేలితే ఆ తాళంచెవిని అసలు వాడనే వాడరు.

6. తాళం వేశాను, గొళ్లెం మరిచాను

అయితే క్వాంటం భద్రత వస్తే ఇక భయమే లేదా? మన సామెతలో చెప్పినట్టు తాళం వేసి గొళ్లెం మరిచిపోతే లాభం లేదు. దీని పరిమితులు కూడా తెలుసుకోవాలి.

మొదటిది, దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో వెళుతున్న ఫోటాన్లలో 100 కిలోమీటర్లకు వందలో ఒకటి మిగులుతుంది. 200 కిలోమీటర్లకు పదివేలలో ఒకటి, 300 కిలోమీటర్లకు పది లక్షల్లో ఒకటి. మామూలు సిగ్నల్ అయితే దారిలో బలం పెంచి పంపవచ్చు. ఫోటాన్‌కు నకలు తీయలేం కదా, అందుకని ఇక్కడ ఆ పని కుదరదు. దొంగను పట్టించిన నియమమే దూరాన్ని కూడా కట్టడి చేస్తుంది. విశాఖ అన్న, జోర్హాట్ చెల్లెలి మధ్య మామూలు ఫైబర్ వేసి లాభం లేదు. ఉపగ్రహం ద్వారా పంపడం ఒక మార్గం. చైనా 2016లో మీసియస్ ఉపగ్రహాన్ని ప్రయోగించి, 2017లో బీజింగ్, వియన్నాల మధ్య దాని సాయంతో రహస్య తాళంచెవి పంచింది.

రెండోది, అవతల ఉన్నది ఎవరు? దొంగే చెల్లెలి వేషం వేసుకుని కూర్చుంటే ఫోటాన్లు గుర్తుపట్టలేవు. "నేను నేనే" అని నిరూపించుకునే ఏర్పాటు విడిగా ఉండాలి.

మూడోది, పరికరాలు. 2010లో నార్వే, జర్మనీ పరిశోధకులు, మార్కెట్లో అమ్ముతున్న క్వాంటం పరికరాల డిటెక్టర్లను గట్టి వెలుగుతో కళ్లు చెదిరేలా చేసి, పట్టుబడకుండా తాళంచెవి తెలుసుకోవచ్చని చూపించారు. సిద్ధాంతంలో లోపం లేదు, పెట్టెలో ఉంది. ఆ లోపాలకు తర్వాత విరుగుళ్లు కనుక్కున్నారు.

నాలుగోది, ఫైబర్ తెగ్గొట్టేవాణ్ని ఇది ఆపలేదు. సందేశం దొంగ చేతికి చిక్కదు, చెల్లెలికీ చేరదు.

7. మన దేశం ఎక్కడుంది?

2020 డిసెంబరులో డీఆర్‌డీఓ హైదరాబాద్‌లోని తన రెండు ప్రయోగశాలలు, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐల మధ్య క్వాంటం తాళంచెవి పంపిణీని పరీక్షించింది. 2021లో ఇస్రో అహ్మదాబాద్‌లో 300 మీటర్ల దూరం గాలిలో పంపి చూపించింది. 2022 ఫిబ్రవరిలో డీఆర్‌డీఓ, ఢిల్లీ ఐఐటీ కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా మామూలు టెలికాం ఫైబర్ మీద ఈ పని చేశాయి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. ఉపగ్రహం ద్వారా 2,000 కిలోమీటర్ల దూరానికి భద్రమైన సందేశాలు పంపడం దాని లక్ష్యాల్లో ఒకటి. అమరావతిలో 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రంతో క్వాంటం వ్యాలీ ఏర్పాటు చేస్తామని 2025లో ప్రకటించారు.

8. ఆ అమ్మాయికి జవాబు

అమ్మా, మీ నాన్నగారితో నువ్వు ఈ రాత్రి మాట్లాడే మాటలను క్వాంటం కంప్యూటర్‌తో విప్పగలిగేవాళ్లు ఈ రోజు లేరు. కానీ ఒక జాగ్రత్త ఉంది. తాళం వేసిన సందేశాలను ఈ రోజు దాచిపెట్టుకుని, పెద్ద యంత్రం వచ్చాక తెరుద్దామని కాచుకునేవాళ్లు ఉండవచ్చు. నువ్వు నాన్నగారికి చెప్పిన మార్కులు ఇరవై ఏళ్ల తర్వాత బయటపడినా నష్టం లేదు. దేశ రక్షణ రహస్యాలు, ఆసుపత్రి రికార్డులు, వేలిముద్రలు అలా కాదు. అవి ఇరవై ఏళ్ల తర్వాత కూడా రహస్యంగానే ఉండాలి. అందుకే వాటి తాళాలు ఇప్పుడే మార్చాలి.

ఆ పని మొదలైంది. క్వాంటం కంప్యూటర్‌కు కూడా కష్టమని నమ్ముతున్న కొత్త గణిత సమస్యలతో తాళాలు తయారుచేస్తున్నారు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అలాంటి మూడు ప్రమాణాలు ప్రకటించింది. వీటికి ప్రత్యేక ఫైబర్ గానీ, ఉపగ్రహం గానీ అక్కర్లేదు. మన మామూలు ఫోన్లలోనే నడుస్తాయి. ఇవి ఎప్పటికీ విరగవని ఎవరూ రుజువు చేయలేదు. అందుకే గణితవేత్తలు వాటిని పరీక్షిస్తూనే ఉన్నారు.

ఇక మీదట ఎవరైనా "క్వాంటం వస్తే అంతా అయిపోతుంది" అన్నా, "క్వాంటం వస్తే అంతా భద్రం" అన్నా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ తాళం? ఈ రహస్యం ఎన్నేళ్లు నిలవాలి? తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? ఫోనులో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేసేవారిని ఏ క్వాంటం శాస్త్రమూ కాపాడలేదు. ఆ తాళంచెవి మీ చేతిలోనే ఉంది.

మీరే చేయండి

1. 21ని విడదీయండి. 2 ఘాతాలను 21తో భాగించి శేషాలు రాస్తూ, వరుస ఎన్ని అడుగులకు తిరిగి వస్తుందో చూడండి. తర్వాత 15కు చేసినట్టే గ.సా.భా.లు కనుక్కోండి.

2. ముగ్గురు కలిసి బీబీ84 ఆట ఆడండి. ఒకరు అన్న, ఒకరు చెల్లెలు, ఒకరు దొంగ. చట్రం ఎంచుకోవడానికి రూపాయి బిళ్ల ఎగరేయండి. చట్రాలు వేరైతే వచ్చే బిట్‌ను కూడా బిళ్ల ఎగరేసే తేల్చండి. దొంగ ఉన్నప్పుడు, లేనప్పుడు ఎన్ని బిట్లు తప్పాయో లెక్కపెట్టండి.

3. మీ తాళంచెవి 1011, మీ సందేశం 0110. పైనా కిందా రాసి, బిట్లు ఒకటే అయిన చోట 0, వేరైన చోట 1 వేయండి. వచ్చినదాని మీద అదే తాళంచెవిని మళ్లీ వాడితే ఏమవుతుంది?